‘ఓడల’ బండ్లా, ‘ఓడలు’ బండ్లా?

పాతఅట్ట:
సుమతీ శతకంలో ఓడలు–బండ్లు కందం, మొదటి పాదం దగ్గరే నాలుక మడతపడుతోంది. బేస్‌బాల్ మేనేజరు కానీ మాక్ మీద వ్యాసానికి శీర్షిక కింద పెట్టాలి. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను 1901 నుంచి 1950 దాకా 50 సీజన్లు నడిపినాయన. 1914లో 99 గెలుపులతో అమెరికన్ లీగ్ పెన్నెంట్, అంటే లీగ్ విజేత పట్టం. మరుసటి ఏడు 43 గెలుపులు, 109 ఓటములు, అట్టడుగు స్థానం. ఇంతకన్నా అతికే పద్యం ఇంకోటి ఉందా? ఇంతకీ మొదటి మాట ‘ఓడల’నా, ‘ఓడలు’నా?

కందగర్వం:
నాకు నోటికి వచ్చింది ఇదీ.

ఓడల బండ్లును వచ్చును
ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్
ఓడలు బండ్లును వలెనే
వాడంబడు గలిమి లేమి వసుధను సుమతీ

గణాలు ఏమీ తేల్చవు. ‘ఓడల’ అన్నా భగణమే, ‘ఓడలు’ అన్నా భగణమే. ప్రాస ‘డ’ ఎలాగూ నిలిచింది. అర్థంతోనే తేల్చుకోవాలి. ఓడల మీద బండ్లు వస్తాయి, ఆ ఓడలే బండ్ల మీదా వస్తాయి. కాబట్టి ‘ఓడల’.

చెదపురుగు:
మొదటి పాదంలో ‘మీద’ ఎక్కడుందండీ? రెండో పాదంలోది అరువు తెచ్చుకోవాలా? ‘ఓడలు బండ్లును వచ్చును’ అని సముచ్చయంగా చదివితే ఏ అరువూ అక్కర్లేదు. మూడో పాదంలో ‘ఓడలు బండ్లును’ అని ఆయనే అన్నాడు కదా.

కందగర్వం:
మూడో పాదంలో ఉంది కాబట్టే లేఖకుడి కన్ను జారి పైకీ ఎక్కింది. మీ పాఠమే తీసుకుంటే ఓడలూ వస్తాయి, బండ్లూ వస్తాయి, సరే, వచ్చి ఏం చేస్తాయి? పద్యంలో సగం బరువు పోయింది.

స్కోర్‌కార్డు:
పద్యం మీరు తేల్చుకోండి. లెక్క మాత్రం 1915తో ఆపకండి. 1916లో 36 గెలుపులు, 117 ఓటములు. 1915 నుంచి 1921 దాకా వరసగా 7 ఏళ్ళు ఆఖరి స్థానమే. కారణం కూడా రాయండి, లేకపోతే అంతా తలరాత అన్నట్టుంటుంది. 1914లో ఫెడరల్ లీగ్ పోటీకి దిగి జీతాలు పెంచేసింది. బంతి విసిరే పిచర్లు ప్లాంక్, బెండర్ అటు వెళ్ళిపోయారు. ఎడ్డీ కాలిన్స్‌ను మాక్ షికాగోకు 50,000 డాలర్లకు అమ్మేశాడు. బేకర్ ఒప్పందం దగ్గర బెట్టుచేసి 1915 మొత్తం ఆడలేదు. బేస్‌ల దగ్గర కాచే, లక్ష డాలర్ల ఇన్‌ఫీల్డ్ అని పేరున్న నలుగురిలో ఇద్దరు అలా పోయాక జట్టులో ఏం మిగులుతుంది?

చెదపురుగు:
పేరులోనే ‘కానీ’ ఉంది మరి. కానీ కానీ లెక్కపెట్టే రకం.

స్కోర్‌కార్డు:
ఆ మాట అప్పుడూ అన్నారు. కానీ (ఇది మన కానీ) జట్టులో ఆయన వాటాదారు. టికెట్ల డబ్బు తప్ప వెనక వేరే వ్యాపారం లేదు. 1929, 30, 31లో మళ్ళీ వరసగా పెన్నెంట్లు కొట్టాడు, అందులో మొదటి రెండేళ్ళూ వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల పోరు) కూడా. ఆ తర్వాత మాంద్యం. 1933 డిసెంబరులో పిచర్ గ్రోవ్, 1935 డిసెంబరులో బ్యాటర్ ఫాక్స్, ఇద్దరూ బోస్టన్‌కు అమ్ముడు. బండి ఓడై, ఓడ బండై, రెండు విడతలు.

బొగడదండ:
‘ఓడలు బండ్లవుతాయి’ అన్నది సామెత, పద్యం కాదు. సామెతలో ఒకటి ఇంకొకటిగా మారిపోతుంది. పద్యంలో ఏదీ మారదు, ఒకదాన్ని ఒకటి మోస్తుందంతే. మాక్‌కు పనికొచ్చేది సామెతే. కలిమి లేముల మాట కావాలంటే శ్రీనాథుణ్ణి వదిలి సుమతి దగ్గరికెందుకు? ‘కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీధి నెదురెండ పొగడదండ’. కనకాభిషేకం చేయించుకున్న మనిషి ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అనే దాకా వచ్చాడు.

చెదపురుగు:
ఆ పాదానికి ముందుది ‘బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి’. ‘గొడ్డేరి’ అంటే ఏంటో చెప్పి ముందుకు కదలండి.

బొగడదండ:
గొడ్డు ఏరు. పండని నేలకు కట్టిన నాగలి.

చెదపురుగు:
‘ఏరి’ క్త్వార్థకం (‘చేసి’, ‘వెళ్ళి’ లాంటి రూపం) ఎందుకు కాకూడదు? గొడ్డు నేలను ఏరుకుని మోసపోయాను అని. గుత్తకు తీసుకున్న వాడి ఏడుపు కదా అది.

పాతఅట్ట:
అయ్యా, నా శీర్షిక.

మేడిపండు:
శీర్షికలో ‘మేనేజరు’ అనే ఉంచుతారా? బ్యాంకు మేనేజరనుకుంటారు. శిక్షకుడంటే కోచ్. మన క్రీడల పేజీల్లో సారథి అంటే కెప్టెన్. బేస్‌బాల్‌లో మేనేజర్నే స్కిప్పర్ అంటారు, డచ్చి మాట, ఓడ నడిపేవాడు. సారథేమో రథం తోలేవాడు. అక్కడ ఓడ, ఇక్కడ బండి. పద్యం మీ చేతిలోనే ఉంది.

స్కోర్‌కార్డు:
ఇది బాగుంది. సారథి అన్న మాటే మాక్‌కు ఎక్కువ నప్పుతుంది. మిగతా మేనేజర్లు జట్టు యూనిఫాంలో ఉంటే ఈయన సూటు, గంజిపెట్టిన ఎత్తు కాలరుతో బెంచీ మీద కూర్చునేవాడు. మైదానంలోకి దిగేవాడు కాదు. పిచర్ని మార్చాలంటే కోచ్‌ను పంపేవాడు. ఫీల్డర్లు ఎటు జరగాలో చేతిలో మడిచిన స్కోర్‌కార్డు ఊపి చెప్పేవాడు. ఆయుధం పట్టని సారథి.

కందగర్వం:
శల్యుడూ సారథే.

స్కోర్‌కార్డు:
శల్యుడైతే హోవర్డ్ ఎమ్కీని ఎగతాళి చేసేవాడు. మాక్ ఏం చేశాడో చూడండి. 1929 వరల్డ్ సిరీస్‌కు ముందు ఈ వయసు మళ్ళిన పిచర్ని జట్టుతో తిప్పకుండా షికాగో కబ్స్ ఆటలు గమనించి రమ్మని పంపాడు. కబ్స్‌లో గట్టి బ్యాటర్లంతా కుడిచేతివాళ్ళు. వాళ్ళకు గ్రోవ్ వేగం కంటే ఎమ్కీ నిదానంగా, పక్కవాటుగా వేసే బంతే ఇబ్బంది. మొదటి ఆట అతనికే ఇచ్చాడు. 13 స్ట్రైక్‌అవుట్లు (పిచర్ మూడు స్ట్రైకులతో పడగొట్టినవి), అప్పటికి సిరీస్ రికార్డు, 3–1 గెలుపు. నాలుగో ఆటలో 8–0 వెనకబడి, ఏడో ఇన్నింగ్స్‌లో 10 పరుగులు తీసి 10–8తో గెలిచారు.

మేడిపండు:
మొత్తం మీద ఎన్ని గెలిచాడు?

స్కోర్‌కార్డు:
పిట్స్‌బర్గ్‌లో 1894–96తో కలిపి 3,731 గెలుపులు, 3,948 ఓటములు. రెండూ రికార్డులే.

మేడిపండు:
అయితే ‘ఓడలు’ అనే ఉంచండి. ఓడడంలోని ఓడు కూడా పలుకుతుంది. తమిళంలో ఓడు అంటే పరుగెత్తడం. పారిపోయినవాడే ఓడినవాడని నా ఊహ. బేస్‌బాల్‌లో మాత్రం పరుగెత్తినవాడే గెలుస్తాడు.

కందగర్వం:
శ్లేష కోసం పాఠం మారుస్తారా! ఇంకొకటి, ‘వాడంబడు’ను వాడిపోవుగా అర్థం చెప్పకండి. అది అకర్మకం, దానికి ‘బడు’ చేరదు. ఉపయోగించు అనే వాడు.

చెదపురుగు:
‘కలిమి ఉపయోగింపబడును’ సరే. లేమిని ఎవరు ఉపయోగిస్తారండీ?

కందగర్వం:
వాడుకలో ఉండును అని చెప్పుకోండి.

చెదపురుగు:
చెప్పుకోవడానికి ఏమైనా చెప్పుకోవచ్చు. గొడ్డేరి సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

పాతఅట్ట:
‘ఓడల’ అని పెట్టి పంపేశాను. ప్రూఫులో ‘ఓడలు’ అని దిద్ది పంపారు.