లూయిస్ హేడెన్: బానిసగా పుట్టి మేసన్ల గ్రాండ్ మాస్టర్ అయిన మనిషి. తెలిసినవాళ్లు రాయండి

పాతకాగితం:
అమెరికాలో నల్లజాతి ఫ్రీమేసన్ల గురించి చదువుతుంటే ఈయన పేరు తగిలింది. ఫ్రీమేసన్లంటే (క్లుప్తంగా మేసన్లు) సోదరభావం పేరుతో నడిచే ఒక పాత సంఘం సభ్యులు. 1811లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో బానిసగా పుట్టాడు. యజమాని చర్చి పాస్టర్. ఆయన ఊరు విడిచి వెళ్తూ ఈ పిల్లాణ్ణి ఇచ్చేసి, బదులుగా ఒక జత బండి గుర్రాలు తీసుకున్నాడు. అది చదివాక చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. అలాంటి మనిషి మసాచుసెట్స్‌లో గ్రాండ్ మాస్టర్, అంటే మేసన్ల శాఖలన్నిటికీ పెద్ద, ఎలా అయ్యాడు? ఆయన బతికిన చోట్లు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చరిత్రమేడమ్:
నేను చదివింది చెప్తానండీ. మొదటి భార్య ఎస్తర్‌నీ, కొడుకునీ హెన్రీ క్లే అనే పేరున్న రాజకీయ నాయకుడు దక్షిణాదికి అమ్మేశాడని హేడెన్ స్వయంగా చెప్పాడు. వాళ్లు మళ్లీ కనపడలేదు. తర్వాత హారియెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1844లో భార్యాభర్తలు ముఖాలకు పిండి పూసుకుని తెల్లవాళ్లలా బండెక్కారు. హారియెట్ కొడుకును సీటు కింద దాచారు. వాళ్లను ఉత్తరాదికి దాటించిన కాల్విన్ ఫెయిర్‌బ్యాంక్ అనే ఆయన దొరికిపోయి జైలుకెళ్లాడు. హేడెన్ బోస్టన్‌లో స్థిరపడ్డాక కూడా ఆయన్ని మర్చిపోలేదు. ఆయన విడుదలకు ఒప్పుకోవడానికి పాత యజమాని అడిగిన 650 డాలర్లు చందాలు పోగేసి కట్టి, 1849లో విడిపించాడు. నాకు ఈయన మీద గౌరవం పుట్టింది ఇక్కడే.

బీకన్‌హిల్_శీను:
అన్నా, నేను బోస్టన్‌లోనే ఉంటాను. ఆయన ఇల్లు బీకన్ హిల్‌లో, 66 ఫిలిప్స్ స్ట్రీట్. ఇటుకల ఇల్లు, గోడకు ఫలకం ఉంది. అది ఇప్పటికీ ఎవరో కాపురముంటున్న ఇల్లు కాబట్టి బయటినుంచే చూడాలి. 1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని చట్టం వచ్చింది. జార్జియా నుంచి తప్పించుకొచ్చిన విలియం క్రాఫ్ట్ ఈ ఇంట్లోనే తలదాచుకున్నాడు. పట్టుకుపోవడానికి మనుషులొచ్చారని తెలిసి హేడెన్ తుపాకీ మందు పీపాలు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. గడప దాటితే నిప్పు పెడతానని చెప్పాడు. లోపల తనవాళ్లు ఉన్నారు! ఆ గుమ్మం ముందు నిలబడితే ఈ మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది.

1851 ఫిబ్రవరిలో, పారిపోయి వచ్చిన మరో బానిస షాడ్రాక్ మింకిన్స్‌ను అరెస్టు చేస్తే, హేడెన్, ఇంకా కొందరు కోర్టులోకే దూసుకెళ్లి బయటికి తెచ్చారు. అతను కెనడా చేరుకున్నాడు. హేడెన్ మీద కేసు నడిచింది కానీ జ్యూరీ ఒక్క మాట మీదికి రాలేదు.

గుంటూరు_వాసు:
ఇదంతా బానిసత్వంపై పోరాటం కదండీ. మేసన్లంటే మనవాళ్లు రహస్య సంఘం అంటారు. అందులో ఈయన చేసిన సేవేమిటి?

పాతకాగితం:
వాసు గారూ, మంచి ప్రశ్న. మేసన్ల స్థానిక శాఖను లాడ్జి అంటారు. తెల్లవాళ్ల లాడ్జీలు నల్లవాళ్లను రానిచ్చేవి కావు. 1775లో ప్రిన్స్ హాల్, మరో 14 మంది నల్లజాతివాళ్లు ఒక ఐరిష్ సైనిక లాడ్జి ద్వారా మేసన్లయ్యారు. 1784లో ఇంగ్లండ్ నుంచి సొంత లాడ్జికి అనుమతి పత్రం మంజూరైంది. ఆ పరంపరలోనే హేడెన్ గ్రాండ్ మాస్టర్ అయ్యాడు. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాదికి వెళ్లి, కొత్తగా స్వేచ్ఛ పొందినవాళ్ల మధ్య లాడ్జీలు పెట్టించాడు. నిన్నటిదాకా ఇంటిపేరు కూడా తనది కాని మనిషికి సభ్యత్వం, ఓటు, లెక్కల పుస్తకం, తోడుగా నలుగురు. ఇది చిన్న సేవ కాదు.

1865 డిసెంబర్ 27న చేసిన ప్రసంగంలో మేసన్లలోని జాతి వివక్ష గురించే సూటిగా మాట్లాడాడు. అందరూ సోదరులని ప్రమాణం చేసి, రంగు చూసి తలుపేస్తే ఆ ప్రమాణం దేనికి అన్నది ఆయన వాదన. 1868లో తెల్లవాళ్ల గ్రాండ్ లాడ్జికి (లాడ్జీలన్నిటి మీద ఉండే సంస్థకు) తమను గుర్తించమని అర్జీ కూడా పెట్టారు, ఫలించలేదు.

చరిత్రమేడమ్:
మన దేశంలోనూ ఇదే గొడవ అప్పట్లోనే నడిచింది. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్తు అనే హిందువు ఏళ్లతరబడి పట్టుబట్టాక 1872లో లాడ్జిలోకి తీసుకున్నారు. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో ఇప్పటికీ మేసన్ల లాడ్జీలు ఉన్నాయి.

గుంటూరు_వాసు:
థాంక్స్ అండీ. చివరి రోజుల్లో ఎలా ఉన్నాడు?

బీకన్‌హిల్_శీను:
ఉద్యోగం రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో మెసెంజర్. దాదాపు 30 ఏళ్లు అదే పని. ఆ పనిలో ఉంటూనే గవర్నర్ జాన్ ఆండ్రూకు దగ్గరై, నల్లజాతి సైనికుల 54వ రెజిమెంటుకు మనుషులను చేర్పించాడు. సీటు కింద దాగి వచ్చిన ఆ కొడుకు నౌకాదళంలో చనిపోయాడు. 1873లో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1889లో కన్నుమూశాడు. 1893లో హారియెట్ పోతూ, ఉన్న ఆస్తి హార్వర్డ్ మెడికల్ స్కూల్లో నల్లజాతి విద్యార్థుల స్కాలర్‌షిప్‌కు రాసింది. ఇటు వచ్చేవాళ్లు ముందు జాయ్ స్ట్రీట్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం చూసి, అక్కణ్ణుంచి ఆ ఇంటికి నడిచి వెళ్లండి. దగ్గరే.