స్వారీకీ బురదకీ పనికొచ్చే బూట్లు ఎక్కడ కుట్టించుకోవాలి?

మాది చిత్తూరు. ఆరు నెలలుగా ఆదివారాలు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నా. మన దగ్గర చలికాలమంటే స్నో ఏం పడదు గానీ, కార్తీకంలో ముసురు, పొద్దున్నే గడ్డి మీద తడి, ఎర్ర బురద. ఆన్‌లైన్‌లో తెప్పించిన బూట్లు రెండు నెలలకే నోరు తెరిచాయి. చూస్తే సోల్ కుట్టనే లేదు, ఉత్త గమ్ముతో అంటించారు. పైగా పాదానికి సరిపోయినా పిక్క దగ్గర జిప్పు సగంలోనే ఆగిపోయేది. నాది 9 నంబరు, వెడల్పు పాదం, పిక్క చుట్టుకొలత 41 సెంటీమీటర్లు.

ట్రెక్కింగ్ బూట్లు వేసుకెళ్తే మాస్టారు గుర్రమెక్కనివ్వలేదు. గాట్లున్న మందపాటి సోల్ రికాబులో (జీను పక్కన కాలు పెట్టే కడియంలో) ఇరుక్కుంటుందట, కిందపడితే గుర్రం ఈడ్చుకుపోతుందట. మడమ అంగుళం ఎత్తు, సోల్ దాదాపు నున్నగా ఉండాలన్నారు. సరే, అదే నున్నటి సోల్‌తో బురదలో గుర్రాన్ని పట్టుకుని నడిస్తే జారేది నేనే కదా!

తోలు పనికి పేరున్న ఆంబూరు, రాణిపేట మనకు దగ్గరే. అక్కడ కొలతలు తీసుకుని ఒక్క జతైనా కుట్టిచ్చేవాళ్లున్నారా? లేక కాన్పూరు నుంచి తెప్పించుకోవడమే మేలా? పొట్టి బూట్లు, పిక్కలకి విడిగా తోలు తొడుగులు వాడేవాళ్లుంటే అవి వానకి ఎలా ఉంటాయో చెప్పండి. బడ్జెట్ 8,000. సోల్ అరిగితే మళ్లీ వేయించుకునేలా ఉండాలి.