కార్డు వివరాలు మనమే ఇచ్చాం, ఇక పోయిన డబ్బంతా మనదేనా?

తెనాలి_కాలవగట్టు:

మా బాబాయి స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. పోయిన నెల ఒక సాయంత్రం క్రెడిట్ కార్డు ఆఫీసు నుంచి అంటూ ఆయనకు ఫోన్ వచ్చింది. చక్కటి తెలుగు. "మాస్టారూ" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడాడట. పూర్తి పేరు, కార్డు చివరి నాలుగంకెలు, బిల్లు ఏ తారీఖున వస్తుందో అన్నీ వాడే చెప్పాడు. ఇన్ని తెలిసినవాడు బ్యాంకు మనిషి కాక ఇంకెవరనుకుంటారు? రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో పోతాయి, వాటిని డబ్బుగా మార్చుకోండి అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్, పంపాడు. దాని మీద బ్యాంకు గుర్తు కూడా ఉంది. ఇన్‌స్టాల్ చేయగానే మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే బాబాయి సరే అని నొక్కారు. తర్వాత కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న సీవీవీ అందులో కొట్టారు.

ఓటీపీ మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీలను ఆ యాపే అవతలికి చేరవేసింది. ముందు 49,500 పోయింది, కాసేపటికి ఇంకో 38,000. మెసేజ్ చూసిన వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేశారు.

బ్యాంకు నుంచి వచ్చిన జవాబు రెండే లైన్లు. ఓటీపీతో జరిగిన లావాదేవీ కాబట్టి బాధ్యత కస్టమర్‌దేనట. ఇది న్యాయమేనా? ఆ కార్డును మందుల షాపులో, పెట్రోల్ బంకులో తప్ప ఎక్కడా వాడని మనిషి, ఒకే సాయంత్రం ఎప్పుడూ వెళ్లని సైట్‌లో రెండు ఖరీదైన ఫోన్లు కొంటుంటే బ్యాంకు సిస్టమ్‌కు అనుమానం రాదా? బ్యాంకు కనీసం సగమైనా భరించాలనేది నా వాదన. మీరేమంటారు?

రిటైర్డ్_మేనేజర్_గుంటూరు:

మీ బాబాయిగారి సంగతి చదివి బాధేసిందండీ. అయినా మీ ప్రశ్నకు నా జవాబు "భరించనక్కర్లేదు" అనే.

దీనికి రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. తప్పు బ్యాంకుదైతే కస్టమర్ పైసా భరించనక్కర్లేదు. తప్పు ఇద్దరిదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు 10,000 వరకే భారం. కానీ కస్టమర్ అజాగ్రత్త వల్ల, అంటే వివరాలు తానే ఇవ్వడం వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేంతవరకూ జరిగిన నష్టమంతా కస్టమర్‌దే. సీవీవీ కొట్టడం వివరాలు ఇవ్వడం కాదా? తాళంచెవి మనమే ఇచ్చి కాపలావాడిని జీతం కోసేస్తానంటే ఎలా?

ఇంకోటి. బ్యాంకు ఇచ్చేది ఎవరి డబ్బు? ఇతర డిపాజిటర్లది, షేర్‌హోల్డర్లది. నేను బ్రాంచిలో ఉండగా ఒకాయన కార్డుతో ఎవరో కొనేశారని గొడవ గొడవ చేశాడు. తీరా డెలివరీ అడ్రస్ తీస్తే వాళ్ల ఇంటిదే, కొన్నది కొడుకు. అడిగినవాళ్లకల్లా తిరిగి ఇస్తామంటే ఇలాంటివి ఎన్ని వస్తాయో ఆలోచించండి.

మియాపూర్_టెస్టర్:

మేనేజర్‌గారూ, అదే సర్క్యులర్‌లో మీరు చెప్పని ముక్క ఒకటుంది. తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. "ఓటీపీ వాడారు కాబట్టి మీరే ఇచ్చారు" అనేది రుజువు కాదు, ఊహ. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలని, 90 రోజుల్లో తేల్చాలని కూడా అందులో ఉంది. ఎంతమందికి చేస్తున్నారు?

నేను యాప్‌లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. ఇలాంటి ఏపీకే ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఎస్ఎంఎస్ పర్మిషన్ దొరికాక ప్రతి మెసేజ్‌నూ వెనక నుంచి ఇంకో చోటికి పంపేస్తుంది. చాలావాటిలో ఐకాన్ కూడా మాయమైపోతుంది, తీసేద్దామన్నా కనపడదు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ అని పేర్లు మారుస్తారు గానీ లోపల జరిగేది ఇదే. అంటే ఓటీపీ మీద పెట్టుకున్న నమ్మకమే ఇక్కడ దెబ్బతింది. ఆ మెసేజ్ చదివింది కస్టమరో ఇంకొకడో తెలుసుకునే దారి బ్యాంకుకు లేదు. అలాంటి తాళాన్ని ఎంచుకున్నది బ్యాంకే కదా, కస్టమర్ కాదు.

అస్సాంలో ఒక కస్టమర్‌కు ఇలాగే 94 వేలకు పైగా పోతే, ఆయన 24 గంటల్లోపే ఫిర్యాదు చేశారు. గౌహతి హైకోర్టు డబ్బు తిరిగి ఇమ్మంది. స్టేట్ బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళ్లినా 2025 జనవరిలో అక్కడా అదే ఖాయమైంది. కాబట్టి "రూల్ ఒప్పుకోదు" అని ఇక్కడితో ఆపేయకండి.

రిటైర్డ్_మేనేజర్_గుంటూరు:

ఆ కేసు నాకూ తెలుసు. అందులో కస్టమర్ ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరికీ ఇవ్వలేదని వాదించారు, వివరాలు బయటపడింది కొన్న సైట్ దగ్గర. ఇక్కడ సీవీవీ స్వయంగా కొట్టారు. రెండూ ఒకటి కావు. రుజువు బాధ్యత బ్యాంకుదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. రెండు లైన్ల జవాబు ఇవ్వడం తప్పే.

గోదావరి_అక్క:

అన్నగారూ, ఆ ఓటీపీ మెసేజ్‌ను మీరు ఎప్పుడైనా ఒక డెబ్బై ఏళ్ల మనిషి కళ్లతో చూశారా? మా అమ్మ ఫోన్‌కు వచ్చేది మొత్తం ఇంగ్లీషులోనే. మొదట ఆరంకెలు, తర్వాత పొట్టి అక్షరాల్లో షాపు పేరు, ఆ తర్వాత రూపాయలు, ఎవరికీ చెప్పవద్దన్నది అన్నిటికన్నా చివర. మా అమ్మకు తెలుగు బాగా వచ్చు, పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. "ఇది 49,500 రూపాయల కొనుగోలు కోసం" అని తెలుగులో మొదటి లైనులో ఉంటే ఆగి అడుగుతుంది. బిల్లు కట్టమనే ఫోన్ మాత్రం తెలుగులో చేయించగలిగిన బ్యాంకుకు ఈ ఒక్క లైను కష్టమా? ఆ పని చేయకుండా అజాగ్రత్త అనే మాట వాడకండి, దయచేసి. నాకు చాలా కోపం వస్తుంది.

లెస్టర్_తెలుగు:

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇదే వాదన ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2024 అక్టోబర్ 7 నుంచి రూల్ మారింది. మోసగాడి మాట నమ్మి మనమే మన చేత్తో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినా 85,000 పౌండ్ల వరకూ తిరిగి ఇవ్వాలి. పంపిన బ్యాంకు సగం, డబ్బు అందుకున్న ఖాతా ఉన్న బ్యాంకు సగం. మామూలుగా 5 పనిదినాల్లో ఇచ్చేయాలి. మరీ ఘోరమైన నిర్లక్ష్యమైతే ఇవ్వనక్కర్లేదు. ఆ నిర్లక్ష్యాన్ని కూడా బ్యాంకే నిరూపించాలి.

ఇది కార్డు చెల్లింపులకు కాదు, ఖాతా నుంచి ఖాతాకు వెళ్లేవాటికి. కార్డులకు వేరే రక్షణలున్నాయి. కానీ అసలు కిటుకు ఆ సగం-సగంలో ఉంది. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు జేబుకూ చిల్లు పడుతుంది కాబట్టి ఖాతాలు తెరిచేటప్పుడే జాగ్రత్తపడతారు.

రిటైర్డ్_మేనేజర్_గుంటూరు:

దానికి అక్కడివాళ్లు ఇచ్చిన ధర కూడా చెప్పండి మరి. అనుమానం వస్తే చెల్లింపును ఇంకో 72 గంటలదాకా ఆపే అధికారం అదే నెలలో బ్యాంకులకు ఇచ్చారు. మన దగ్గర ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడినవాడి డబ్బు మూడు రోజులు ఆగితే ఊరుకుంటారా? బ్రాంచి మీదికి వస్తారు.

హన్మకొండ_లెక్చరర్:

ఆ గొడవ సరే గానీ, డబ్బు ఎక్కడికి వెళ్తోందో మాట్లాడదాం. నేను డిగ్రీ కాలేజీలో చెబుతాను. పిల్లలు ఖాతాలు అద్దెకిస్తున్నారు. ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు, సిమ్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఒక కవర్లో పెట్టి ఎవరికో ఇచ్చేస్తారు, చేతిలో కొన్ని వేలు పడతాయి. పార్ట్‌టైమ్ జాబ్ అనుకుంటారు. దోచిన డబ్బు ఆ ఖాతాలోకి వచ్చి నిమిషాల్లో ఇంకో నాలుగు ఖాతాలకు చీలిపోతుంది. పోలీసులు వచ్చేసరికి అసలువాడు ఎక్కడో ఉంటాడు, దొరికేది మా పిల్లాడే. నిన్నటిదాకా వెయ్యి రూపాయలు దాటని విద్యార్థి ఖాతాలోకి ఒకే మధ్యాహ్నం లక్షలు వచ్చి వెళ్లిపోతుంటే, ఆ బ్రాంచిని అడిగేవాళ్లేరి? తెనాలివారి బాబాయిగారిది కార్డు కేసు కాబట్టి డబ్బు షాపు సైట్‌కు వెళ్లింది. యూపీఐ, ట్రాన్స్‌ఫర్ మోసాల్లో మాత్రం ఈ అద్దె ఖాతాలే గుండెకాయ. ఇంగ్లండ్ పద్ధతిలో నాకు నచ్చింది ఆ రెండో సగమే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మా వీధిలో టిఫిన్ సెంటర్ ఆయన ఖాతా హోల్డ్‌లో పడింది. ఎవడో మోసపు డబ్బుతో ఇడ్లీ తిని ఫోన్‌తో డబ్బు కట్టాడు. ఆ కొద్దిపాటి మొత్తం కోసం ఖాతా అంతా ఆపేస్తే పాలవాడికి, గ్యాస్‌కు ఆయన ఏమిచ్చేది? వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపాలి. బాధితులకు న్యాయం కావాలని అడిగే మనం దీన్నీ అడగాలి.

ఫ్రీజ్ అయిన డబ్బు తిరిగి రాదని కూడా అనుకోకండి. 2024లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇప్పించింది. ఎంత తొందరగా 1930కి చెబితే అంత మిగులుతుంది.

గోదావరి_అక్క:

వాదన పెద్దవాళ్లు చేసుకోండి. ఈ రాత్రికి ఇంట్లో చేయగలిగింది నేను చెబుతాను, మా ఇంట్లో అందరి ఫోన్లలో చేశాను. కార్డు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆపేయండి. విదేశీ సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగరు, నంబరు, తేదీ, సీవీవీ ఉంటే చాలు డబ్బు పోతుంది. ఆన్‌లైన్ వాడకాన్ని కూడా ఆపి, కొనేటప్పుడు మాత్రం ఐదు నిమిషాలు తెరవండి. లిమిట్ కూడా మనమే తగ్గించుకోవచ్చు. 2020 నుంచి బ్యాంకులు ఈ స్విచ్‌లు ఇచ్చి తీరాలి. బాబాయిగారి కార్డులో ఆన్‌లైన్ లిమిట్ 5,000 ఉండి ఉంటే ఆ రెండు కొనుగోళ్లూ జరిగేవే కావు.

ఎవరైనా *401* కొట్టి వాళ్ల నంబరు కలపమంటే కొట్టకండి, మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి. అనుమానం ఉంటే ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. బ్యాంకుల సర్వీస్ కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మామూలు పదంకెల మొబైల్ నుంచి పాయింట్లు, లిమిట్ అని ఎవరు మాట్లాడినా పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకు మీరే చేయండి. ఏపీకే పెట్టేసుకుని ఉంటే ముందు డేటా, వైఫై ఆపి, కార్డు బ్లాక్ చేయడానికి ఇంట్లో ఇంకొకరి ఫోన్ వాడండి. అదే ఫోన్‌తో బ్యాంకుకు మాట్లాడుతూ కూర్చుంటే కొత్త ఓటీపీలు వాడికి వెళ్తూనే ఉంటాయి.

మియాపూర్_టెస్టర్:

అక్క చెప్పిన చివరి మాట బంగారం. ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నిశ్చింత. రీసెట్‌కు ముందు కాల్ లిస్టు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి వేరే చోట పెట్టుకోండి, ఫిర్యాదుకు అవే ఆధారం.

రిటైర్డ్_మేనేజర్_గుంటూరు:

తెనాలివారూ, బ్యాంకు తరఫున ఇంతసేపు వాదించాను కాబట్టి బ్యాంకు దగ్గర ఏం అడగాలో కూడా నేనే చెబుతాను. మీ బాబాయిగారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన టైమ్ ఎంత? రెండో లావాదేవీ టైమ్ ఎంత? ఫిర్యాదు చెప్పిన క్షణం తర్వాత జరిగింది ఏదైనా బ్యాంకుదే, కస్టమర్ ఎంత అజాగ్రత్తగా ఉన్నా సరే. సర్క్యులర్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. లావాదేవీ ఏ డివైస్ నుంచి, ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి జరిగిందో రాతపూర్వకంగా అడగండి. సరుకు డెలివరీ కాకముందే షాపు సైట్‌కు ఆపమని చెప్పారో లేదో కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు సరిగా అనిపించకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

తెనాలి_కాలవగట్టు:

ఇప్పుడే బాబాయి ఫోన్ చూశాను. కస్టమర్ కేర్‌కు కాల్ 6.41కి మొదలైంది. మెనూ నొక్కుకుంటూ మనిషి దొరికేసరికి ఎనిమిది నిమిషాలు. 38,000 పోయిన మెసేజ్ 6.53కి ఉంది. అంటే మనిషికి చెప్పాక కూడా నాలుగు నిమిషాలకు రెండోది జరిగింది. మేనేజర్‌గారూ, ఇది మా కంట పడేలా చేశారు, థాంక్సండీ. రేపు పొద్దున బ్రాంచికి రాతపూర్వకంగా ఇస్తున్నాం, కాల్ రికార్డింగ్ కూడా అడుగుతాం.

మొదటి 49,500 మీద మాత్రం నా మాట మార్చుకోను. ఓటీపీ ఆయన ఇవ్వలేదు. ఇచ్చారని రుజువు చేయమని అంబుడ్స్‌మన్ దగ్గర అడుగుతాం.

రిటైర్డ్_మేనేజర్_గుంటూరు:

అడగండి. దాని మీద నా అభిప్రాయమూ మారలేదు, అయినా అడగండి. కాల్ మొదలైన 6.41 స్క్రీన్‌షాట్ ముందు పెట్టండి, బ్యాంకువాళ్లు మనిషి ఎత్తిన టైమ్‌నే లెక్కేస్తామంటారు. అలా లెక్కేసినా రెండోది మీ వైపే ఉంది.