స్కాన్ బొమ్మలో ఆ గింజల్ని తుడిచేయాలా, ఉంచాలా?

మద్దిలపాలెం_బయోమెడ్: స్కానింగ్ సెంటర్లలో మెషిన్లు చూసుకునే ఉద్యోగం నాది. మొన్న ఒకచోట కొత్త అల్ట్రాసౌండ్ మెషిన్ దించారు. ఏఐతో నాయిస్ (బొమ్మ మీద గింజల్లా కనిపించే గోల) తీసేసే ఆప్షన్ ఆన్ చేస్తే లివర్ వెన్నముద్దలా నున్నగా వచ్చింది. మేనేజర్ ఒకటే మురిసిపోయారు. స్కాన్ చేసే డాక్టరు గారు మాత్రం వెంటనే ఆపేయమన్నారు. నా ఓటు ఆప్షన్‌కే. 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో (ఒంటికి ఆనించే పరికరం) 15 సెంటీమీటర్ల లోతుకు పోయి తిరిగొచ్చేసరికి తరంగం సుమారు 50 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. అంటే శక్తిలో లక్షో వంతే మిగులుతుంది. దాన్ని పెంచితే సర్క్యూట్ గోల కూడా పెరుగుతుంది. ఆ గోలను తుడిస్తే తప్పేంటి?

ఎంవీపీ_సోనాలజిస్ట్: తుడిచేది గోలే అయితే తప్పేం లేదు బాబూ. గాల్ బ్లాడర్‌లో రాయి ఉంటే దాని వెనక నల్లటి నీడ పడుతుంది. ఆ నల్లటి చోట నిజంగా నల్లటి వస్తువేమీ ఉండదు, శబ్దం రాయిని దాటలేక అలా కనిపిస్తుంది. లెక్క ప్రకారం అది బొమ్మలో లోపం. నాకు మాత్రం అదే సాక్ష్యం. మీ మెషిన్ బొమ్మను అందంగా చేయబోయి ఆ నీడను పలచన చేసిందనుకోండి, చిన్న రాయి నా చేతిలోంచి జారిపోయినట్టే.

సీతమ్మధార_లెక్కల_మాస్టారు: ఇద్దరూ రెండు వేరు వేరు వస్తువుల్ని ‘నాయిస్’ అంటున్నారు. ప్రోబ్‌ను కదపకుండా పట్టుకుని చూడండి. చీమలు పాకినట్టు మిణుకుమనేది కరెంటు గోల. అలాంటి 16 ఫ్రేములు సగటు తీస్తే నాలుగో వంతుకు తగ్గుతుంది. కదలకుండా అలాగే ఉండిపోయే గింజలు స్పెకిల్. కణజాలంలోని అతి చిన్న రేణువుల నుంచి వచ్చిన ప్రతిధ్వనులు కొన్నిచోట్ల కలిసి పెరిగి, కొన్నిచోట్ల కొట్టేసుకోవడం వల్ల వస్తుంది అది. వంద ఫ్రేములు సగటు తీసినా పోదు, కోణం మార్చాల్సిందే. అది గోల కాదు, అర్థంకాని మాట.

ఇంకో సంగతి. మెషిన్ కొలిచేది కాలాన్ని, దూరాన్ని కాదు. ఒంట్లో ఎక్కడైనా ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లే అనుకుని లెక్క కడుతుంది. కొవ్వులో అది సుమారు 1450. పొట్ట మీద 3 సెంటీమీటర్ల కొవ్వుంటే దాని వెనకున్నది దాదాపు 2 మిల్లీమీటర్లు లోతుగా కనిపిస్తుంది, ఫోకస్ కూడా చెదురుతుంది. (నా పొట్ట సంగతి అడక్కండి.) కొలతల నుంచి బొమ్మకు వెనక్కి వెళ్లడమంటేనే ఇదీ తంటా: కొలతలో గోరంత గోల, జవాబులో కొండంత తేడా. దాన్ని అదుపులో పెట్టాలంటే ‘బొమ్మ ఇలా ఉండొచ్చు’ అని ముందే ఒక ఊహ కలపాలి. టిఖొనోవ్ అనే పాత గణిత పద్ధతిలో ఆ ఊహ సూత్రంలో కళ్లెదుటే ఉంటుంది. ఏఐలో అది ఎన్నో పాత స్కాన్ల నుంచి నేర్చుకున్న అలవాటు, ఎక్కడ దాక్కుందో చూపించలేం.

మద్దిలపాలెం_బయోమెడ్: అయితే మాస్టారూ, 1540 అనుకోవడమూ ఊహే కదా! దాన్ని ఇన్నేళ్లుగా నమ్మి, దీన్ని మాత్రం నమ్మనంటే ఎలా?

సీతమ్మధార_లెక్కల_మాస్టారు: గట్టి ప్రశ్నే, ఒప్పుకుంటాను. కానీ 1540 తప్పితే బొమ్మ మసకబారుతుంది, తప్పిందని కంటికి తెలుస్తుంది. ఏఐ తప్పితే తప్పు కూడా నున్నగానే ఉంటుంది. ఎమ్మారై, సీటీ బొమ్మల మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది అదే: కొలతలో కంటికి ఆనని మార్పు చేస్తే కొన్ని ఏఐ నెట్‌వర్కులు లేనివి గీశాయి, బొమ్మలో చిన్న వివరం చేరిస్తే కొన్ని దాన్ని మింగేశాయి.

గాజువాక_యూటీ: ఓడల వెల్డింగులు అల్ట్రాసౌండ్‌తో చూడడం మా పని. స్టీల్‌లో వేగం 5900 మీటర్లు, స్టెయిన్‌లెస్ వెల్డ్ అయితే లోపలి రేణువుల వల్ల మీ స్పెకిల్ లాంటి గోలే వస్తుంది స్క్రీన్ మీద, మేం దాన్ని గడ్డి అంటాం. ఎంత గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెట్టామో రాయకుండా రిపోర్టు ఇవ్వం. మాకు అనుమానం వస్తే గ్రైండ్ చేసి చూసుకుంటాం. డాక్టరు గారికి ఆ వీల్లేదు కదండీ.

ఎంవీపీ_సోనాలజిస్ట్: అందుకే నేనడిగేది ఒకటే. తుడవని బొమ్మ, తుడిచిన బొమ్మ రెండూ దాచండి.

మద్దిలపాలెం_బయోమెడ్: బొమ్మలంటే దాస్తాం డాక్టరు గారూ. ముడి తరంగాలు మాత్రం కుదరదు. ప్రోబ్‌లో ప్రతిధ్వనిని అందుకునే ముక్కలు (ఎలిమెంట్లు) 128, ఒక్కోదాన్నుంచి సెకనుకు 4 కోట్ల శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు: ఆపకుండా రాస్తే సెకనుకు పది గిగాబైట్ల పైమాటే. సరే, ఆదివారం అగర్ అగర్‌లో ఇసబ్‌గోల్ కలిపి కణజాలం లాంటి ఒక దిమ్మ పోస్తాను. మధ్యలో గులకరాయి పెట్టి రెండు రకాలుగా స్కాన్ చేసి ఇక్కడ పెడతా.

గాజువాక_యూటీ: ఒకటి చాలదు తమ్ముడూ, ఆరు దిమ్మలు పోసి పెట్టు. రెండింట్లో రాయే పెట్టకు. రాయి లేనివి ఏవో డాక్టరు గారికి చెప్పకు.