బైనరీ ఫైళ్లు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టును సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మార్చవచ్చా?

ప్రశ్న:
మా బృందంలో కోడ్ రాసేవారితో పాటు త్రీడీ మోడళ్లు, ఆడియో వంటి బైనరీ ఫైళ్లు (అక్షరాలుగా చదవలేనివి) తయారుచేసేవారూ ఉన్నారు. ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌గా ఇప్పటివరకు సబ్‌వెర్షన్ వాడుతున్నాము. కొత్తగా చేరినవారికి అలాంటిదే అయిన గిట్ అలవాటు కనుక దానికి మారుదామని అడుగుతున్నారు. మారడం మంచిదేనా? ఇదే కోవకు చెందిన మెర్క్యూరియల్‌ను కూడా పరిశీలించాలా?

సమాధానం 1:
కోడ్ వరకైతే గిట్ విషయంలో సందేహం అక్కరలేదు. అంతకుముందు వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోయినప్పుడు, 2005లో, లినక్స్ కెర్నెల్ అభివృద్ధి కోసం లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని రాశారు. మామూలు క్లోన్‌లో (ప్రాజెక్టు నకలులో) చరిత్ర అంతా ఉంటుంది కాబట్టి కమిట్ చేయడానికైనా (మార్పును చరిత్రలో నమోదు చేయడానికైనా), పాత మార్పులు చూడడానికైనా సర్వర్‌తో పనిలేదు. మీకు చిక్కు వచ్చేదీ అక్కడే. పెద్దగా కుదించడానికి వీలుకాని 200 ఎంబీ మోడల్‌ను 20 సార్లు మార్చి కమిట్ చేస్తే, దాదాపు 4 జీబీ ప్రతి ఒక్కరి డిస్కులోకీ చేరుతుంది. ఆ తర్వాత ఫైలును తొలగించినా చరిత్రలో అలాగే ఉండిపోతుంది. పెద్ద ఫైళ్ల కోసం ఉన్న గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ అనే అదనపు సాధనం వాడితే రిపాజిటరీలో (ప్రాజెక్టు చరిత్ర ఉండే చోట) అసలు ఫైలును సూచించే చిన్న పాయింటర్ ఫైలు మాత్రమే ఉండి, అసలు ఫైలు విడిగా సర్వర్‌లో ఉంటుంది.

సమాధానం 2:
పరిమాణం కన్నా లాకింగ్ (ఒకరు మారుస్తున్న ఫైలును మిగతావారు మార్చకుండా ఆపడం) ముఖ్యమని నా అభిప్రాయం. ఒకే మోడల్‌ను ఇద్దరు మారిస్తే రెండింటినీ మెర్జ్ చేసే (కలిపే) దారి ఉండదు, ఒకరి పని పారేయవలసిందే. సబ్‌వెర్షన్‌లో ఆ ఫైలుకు ‘నీడ్స్-లాక్’ ప్రాపర్టీ పెడితే, లాక్ తీసుకునేదాకా అది రీడ్-ఓన్లీగానే ఉంటుంది, కాబట్టి పని మొదలుపెట్టక ముందే సంగతి తెలుస్తుంది. ఎల్‌ఎఫ్‌ఎస్‌లోనూ లాకింగ్ ఉంది కానీ, మీ సర్వర్ దాన్ని సమర్థిస్తుందో లేదో ముందే చూసుకోండి. గేమ్ స్టూడియోలలో పెర్ఫోర్స్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఇంకా నిలిచి ఉండడానికి ఇదొక కారణం. మీ కళాకారులకు సబ్‌వెర్షన్‌తో ఇబ్బంది లేకపోతే, కోడ్‌ను మాత్రమే గిట్‌కు మార్చి, మిగతాది ఉన్నచోటే ఉంచమంటాను.

సమాధానం 3:
మెర్క్యూరియల్ కూడా 2005లోనే వచ్చింది, నేర్చుకోవడమూ తేలికే. అయితే ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే సేవ అయిన బిట్‌బకెట్ 2020లో దానికి మద్దతు నిలిపివేసింది. కొత్తగా ఎంచుకునేవారికి హోస్టింగ్ దొరకడమే కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అన్నీ గిట్‌లోకే తీసుకురావాలని నిర్ణయిస్తే పాత చరిత్రను నిలుపుకోగలమా?

సమాధానం 1:
నిలుపుకోవచ్చు. సబ్‌వెర్షన్ ప్రాజెక్టును గిట్‌లోకి తెచ్చే ‘గిట్ ఎస్‌వీఎన్’ ఆదేశంతో దిగుమతి చేసేటప్పుడు పాత యూజర్ పేర్లకు పూర్తి పేరు, ఈమెయిల్ జతచేసిన జాబితా ఇవ్వండి. పెద్ద ఫైళ్లను ఎల్‌ఎఫ్‌ఎస్‌లోకి మార్చడం మాత్రం ఎవరూ క్లోన్ చేసుకోక ముందే ముగించాలి, ఎందుకంటే పాత కమిట్‌లలో ఉన్న ఫైళ్లను కూడా మార్చినప్పుడు ఆ కమిట్‌ల గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి.