మదర్సాలకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా? ఇస్తే తిరిగి ఏం అడగాలి?

నిక్కచ్చి:
ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు చట్టాన్ని (2004) అలహాబాద్ హైకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. అదే ఏడాది నవంబర్ 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, చట్టం చాలావరకు చెల్లుతుందని చెప్పింది. కోర్టు సంగతి కోర్టుది. లక్షల మంది పిల్లలు చదివే వ్యవస్థ అది. వాళ్లలో ఎంతమందికి లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు వస్తున్నాయి? మతం చెప్పుకోండి, ఎవరూ వద్దనరు. మీ డబ్బుతో చెప్పుకోండి. నా పన్ను డబ్బు ఎందుకు పొయ్యాలి? వేద పాఠశాలకు ఇచ్చినా ఇదే అడుగుతాను, ముందే చెబుతున్నా.

లెక్కల మాస్టారు:
పోస్తున్నారంటున్నారు, ఎంత పోస్తున్నారో చూశారా? యూపీలో గుర్తింపు ఉన్న మదర్సాలు వేలల్లో ఉన్నాయి. గ్రాంటు అందేవి దాదాపు 560. మిగతావి చందాల మీద బతికేవే.

ఇంకోటి. 2009-10 నుంచి కేంద్రం పథకం ఒకటి నడిచింది. ఆ డబ్బు ఖురాన్ చెప్పడానికి కాదండీ, లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు, సోషల్ చెప్పే టీచర్లకు. డిగ్రీ ఉంటే నెలకు 6 వేలు, పీజీ ఉంటే 12 వేలు. అదీ నెలనెలా పడింది లేదు, ఏళ్ల తరబడి బకాయిలు. 2022 మార్చితో కేంద్రం చేతులు దులుపుకుంది. రాష్ట్రం పైన కలిపే 2 వేలు, 3 వేలు కూడా 2024 జనవరిలో ఆగిపోయాయి. దాదాపు 21 వేల మంది టీచర్ల బతుకు అది. వాళ్లలో హిందువులూ బోలెడు మంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పెట్టారు సరే, వాటిని చెప్పే మనిషికి జీతం ఆపేశారు. ఇప్పుడు సైన్సు రాలేదేమని పిల్లాణ్ని నిలదీస్తే ఎలా?

నిక్కచ్చి:
మాస్టారూ, జీతాలు ఇచ్చిన ఆ పన్నెండేళ్లలో ఏం ఒరిగింది? బోర్డు తన పరీక్ష తనే పెట్టుకుని, తనే పాస్ చేసి, ఇన్ని శాతం అని చెబితే నమ్మాలా?

లెక్కల మాస్టారు:
ఆ మాట ఒప్పుకుంటా. బయటివాళ్లు పెట్టిన పరీక్ష లేకుండా ఎవరి ఫలితాలూ నమ్మలేం. మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలతో సహా.

తూటా:
ఇంత చర్చ దేనికి? అస్సాంలో మూసేశారు. గొడవ వదిలిపోయింది.

అబిడ్స్ లాయర్:
తూటా గారూ, అస్సాం 2020లో చట్టం చేసి, 2021 ఏప్రిల్ నుంచి మామూలు స్కూళ్లుగా మార్చింది పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే మదర్సాలను. ప్రైవేటు మదర్సాల జోలికి ఆ చట్టం పోలేదు. 2022లో గౌహతి హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆర్టికల్ 28(1) ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే చోట మతబోధన కూడదు. కొంత సాయం మాత్రమే అందుకునే సంస్థ వేరు. అక్కడ మతబోధన ఉండొచ్చు, కానీ పిల్లాడి మీద, మైనరైతే అమ్మానాన్నల ఒప్పుకోలు లేకుండా, రుద్దకూడదు. ఇక సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ సంస్థ అన్న కారణంతో వివక్ష చూపకూడదని 30(2) చెబుతోంది. కాబట్టి నిక్కచ్చి గారి 'మీ డబ్బుతో చెప్పుకోండి' రాజ్యాంగంలో ఉన్న మాట కాదు. అయితే చదువు ప్రమాణాలు అడిగే హక్కు ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు ఆ 2024 నవంబర్ తీర్పులోనే స్పష్టంగా చెప్పింది.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. 2012 సవరణతో విద్యాహక్కు చట్టం నుంచి మదర్సాలనూ వేద పాఠశాలలనూ కలిపే మినహాయించారు. నా దృష్టిలో అసలు కన్నం అక్కడ పడింది.

ఆదోని అబ్బాయి:
ఇంతసేపూ చదివాను. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006 లెక్కలో బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్లేవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. సాయంత్రం మసీదు పక్కన మక్తబ్‌లో, అంటే ఖురాన్ నేర్పే చిన్న బడిలో, ఓ గంట కూర్చునే పిల్లలు వేరే. వాళ్లు పగలు బడికే పోతారు, నేనూ అలా పోయినవాణ్నే.

ఇక డబ్బు సంగతి. రంజాన్ నెలలో మా వీధిలో రసీదు పుస్తకాలు పట్టుకుని మదర్సాల తరఫున వస్తారు. కొందరు చాలా దూరం నుంచి వస్తారు. జకాత్, ఫిత్రా దానాలు వాళ్లకే పోతాయి. బక్రీద్‌కు తోళ్లు ఇచ్చేవాళ్లం. ఒకప్పుడు అదో పెద్ద ఆదాయం. తోలు ధర పడిపోయాక వాటికి ఉప్పు ఖర్చు కూడా రావడం లేదని నిర్వాహకులే వాపోతున్నారు. ఆ డబ్బుతోనే పిల్లలకు తిండి, బట్ట, పడక. చాలామంది తల్లిదండ్రులు పంపేది ఆలిమ్ (మతపండితుడు) అవుతాడని కాదన్నా, మూడు పూటలా అన్నం తింటాడని.

అలాగని అంతా బాగుందనను. మా పిన్ని కొడుకు హిఫ్జ్‌లో చేరాడు. ఖురాన్ మొత్తం కంఠస్థం. ఒక్క జేరు, జబరు (అచ్చు గుర్తులు) తప్పకుండా చదువుతాడు. తిరిగొచ్చి బడిలో చేరదామంటే, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో హెడ్‌మాస్టరుకే పాలుపోలేదు. వయసు చూస్తే ఎనిమిది, భిన్నాలు చూస్తే మూడు. అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లాడికి రోజుకో గంట లెక్కలు చెప్పించలేకపోయారే అని నాకిప్పటికీ కోపం. ఆ మదర్సా సర్కారు డబ్బు పైసా తీసుకోదు. యూపీలోని పేరున్న మదర్సా దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ 1866లో పెట్టినప్పటి నుంచీ ప్రభుత్వ సాయానికి దూరమే. చాలా మదర్సాలది ఆ బాటే. డబ్బు తీసుకుంటే అజమాయిషీ వస్తుందని భయం. అంటే ఈ నిధులు ఆపినా వాళ్లు మూతపడరు, మీరు అడిగే లెక్కల మాస్టారు మాత్రం రాడు.

తూటా:
అయితే తప్పు మీవాళ్లదే కదా.

ఆదోని అబ్బాయి:
కొంత మావాళ్లదే. మిగతా కొంత మా ఊరి ఉర్దూ మీడియం బడిది. డీఎస్సీలో ఉర్దూ పోస్టులు రిజర్వేషన్ రోస్టర్‌లో (ఏ పోస్టు ఏ వర్గానికన్న వరసలో) ఇరుక్కుంటాయి, ఆ వర్గంలో ఉర్దూ వచ్చిన అర్హులు దొరక్క ఖాళీగా ఉండిపోతాయి. టీచరే లేని బడికి ఏ తల్లి పంపుతుంది?

కోజికోడ్‌లో తెలుగోడు:
ఇక్కడ కేరళలో పద్ధతి చూడండి. పిల్లలు పొద్దున్నే మదర్సాకు వెళ్లి, అక్కణ్నుంచి మామూలు బడికి పోతారు. ఈ మదర్సాలను చాలావరకు 'సమస్త' అనే ముస్లిం పండితుల సంస్థ బోర్డు లాంటివి నడుపుతాయి, 1951 నుంచి ఉంది అది. సర్కారు గ్రాంటుతో పనిలేదు. 2025లో హైస్కూలు వేళలు అరగంట పెంచితే, మా పొద్దుటి క్లాసులు దెబ్బతింటాయని వాళ్లు గట్టిగానే గొడవ చేశారు. నాకైతే ఆ పట్టింపు అతి అనిపించింది. కానీ ఇక్కడ పిల్లాడు బడి మానేసే పరిస్థితి లేదు.

లెక్కల మాస్టారు:
తెలంగాణలో 2016 నుంచి పెట్టిన మైనారిటీ గురుకులాలు 204. ఇంగ్లిషు మీడియం, తిండి, హాస్టలు అన్నీ ఉచితం. అవి మదర్సాలు కావు. అన్నం కోసం మదర్సాకు పంపే తల్లికి ఇదొక దారి. అలాంటివి యూపీలో జిల్లాకు నాలుగు పెట్టి, అప్పుడు మదర్సాల మార్కుల గురించి మాట్లాడితే బాగుంటుంది.

నిక్కచ్చి:
గురుకులాలకైతే నా పన్ను రెట్టింపు చేసినా కిక్కురుమనను. మదర్సాకు మాత్రం షరతు పెట్టే ఇవ్వాలి. ఐదులో ఒకసారి, ఎనిమిదిలో ఒకసారి, పక్కనున్న ప్రభుత్వ బడి పిల్లలు రాసే పేపరే వీళ్లూ రాయాలి. దిద్దేది బయటివాళ్లు. వరసగా రెండుసార్లు తప్పితే గ్రాంటు కట్.

ఆదోని అబ్బాయి:
రాయిద్దాం అన్నా. కానీ లెక్కల టీచర్‌కు జీతం ఏ తారీఖున పడుతుందో కూడా అదే కాగితంలో రాయండి. ఆరు నెలలు బకాయి పెట్టి, ఏడో నెల పరీక్ష పెడితే ఒప్పుకోను.

నిక్కచ్చి:
తారీఖు రాస్తాం. గ్రాంటు కట్ అన్న లైను మాత్రం తీయను.