ఎంక్యాట్ జనవరిలోనా, ఏప్రిల్‌లోనా, జూన్‌లోనా?

బయోకెమ్ బాధితురాలు:
నేను అమెరికాలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వేసవిలోనే మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు చేయాలన్న ఆలోచనతో ఏప్రిల్‌లో ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) రాద్దామనుకున్నాను గాని, నా బయోకెమిస్ట్రీ కోర్సు మే మొదటి వారానికి గాని పూర్తి కాదు. శీతాకాలపు సెలవుల్లో కష్టపడి జనవరిలోనే రాసేయమని ఇంట్లో అంటున్నారు. ఇప్పటికే రాసినవారు తేదీని ఎలా నిర్ణయించుకున్నారో చెప్పగలరా?

పాతకాపు:
దరఖాస్తు గడువు నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. ఏఎంకాస్, అంటే చాలా స్కూళ్లకు ఒకేచోట నుంచి పంపే ఉమ్మడి దరఖాస్తు, మే మొదట్లో తెరుచుకుంటుంది, మే ఆఖరు నుంచి సమర్పించవచ్చు, స్కూళ్లకు చేరడం మాత్రం జూన్ చివర్లోనే మొదలవుతుంది. మార్కులు రావడానికి పరీక్ష తరువాత సుమారు నెల రోజులు పడుతుంది. చాలా స్కూళ్లు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి కాబట్టి, ఆగస్టు చివర్లో రాసినవారి ఫైలు సెప్టెంబరు ఆఖరు దాకా అసంపూర్తిగానే పడి ఉంటుంది. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది: మార్కులు రాకముందే దరఖాస్తు పంపవచ్చు. రద్దీ సమయంలో దాని పరిశీలనకే ఆరు వారాల దాకా పట్టవచ్చు, ఈలోగా మార్కులు వచ్చి చేరతాయి. నేను మొదట ఒక్క స్కూలును మాత్రమే ఎంచుకుని దరఖాస్తు పంపి, మార్కులు చూసుకున్నాక మిగతావాటిని చేర్చాను. అందువల్ల జూన్ మధ్యలో రాయడం ఆలస్యమేమీ కాదు.

రెండోసారి రాసినవాణ్ణి:
నేను మీ ఇంట్లోవాళ్లు చెప్పిన దారిలోనే వెళ్లి దెబ్బతిన్నాను. బయోకెమిస్ట్రీ సగంలో ఉండగా జనవరికి కూర్చున్నాను. నమూనా పరీక్షల్లో 502 దాటలేదు, అయినా అసలు రోజున ఎలాగో పెరుగుతుందని నన్ను నేను నమ్మించుకున్నాను. మొత్తం 472 నుంచి 528 వరకు ఉండే ఈ కొలమానంలో స్కూళ్లలో చేరుతున్నవారి సగటు 511 పైనే ఉంటోందని తెలిసి కూడా. ఏడున్నర గంటల తరువాత, కళ్లు మండుతుండగా, ఈ పరీక్షకు మార్కులు వేయాలా, రద్దు చేయాలా అని తెర మీద అడుగుతారు. ఆలోచించుకోవడానికి కొద్ది నిమిషాలే. వేయమన్నాను, 500 వచ్చింది. తరువాతి ఏడాది మెరుగైన మార్కులతో దరఖాస్తు చేసినప్పుడు కూడా ఆ 500 స్కూళ్లన్నిటికీ కనబడింది. రద్దు చేసుకున్నా అది ఒక ప్రయత్నం కిందే లెక్క: ఏడాదిలో మూడు, వరుసగా రెండేళ్లలో నాలుగు, జీవితకాలంలో ఏడు, అంతకు మించి అనుమతించరు.

ఒక తల్లి:
ఆ ఒత్తిడి పెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని, అమ్మా. ఏడాది ఆగితే వెనకబడిపోతుందని మా అమ్మాయిని తొందరపెట్టాను. తీరా చూస్తే ఆమెతోపాటు చేరినవారిలో ఎంతోమంది డిగ్రీ తరువాత ఒకటి రెండేళ్లు ఆగి వచ్చినవాళ్లే!

కార్స్‌తో కుస్తీ:
ఆగడమే మంచిదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఇప్పుడే పూర్తయిన కోర్సు తాజాగా ఉండగా రాయడంలో లాభముంది. ఏడాది ఆగినవాళ్లు ఫిజిక్స్ మళ్లీ మొదటినుంచి చదవడం చూశాను. పైగా చాలా స్కూళ్లు రెండు మూడేళ్లకు మించిన పాత మార్కులను అంగీకరించవు. కార్స్, అంటే ఇచ్చిన వ్యాసాలను చదివి అర్థం చేసుకుని జవాబులు రాసే విభాగం, దాని సంగతి వేరు. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలుండే ఆ విభాగానికి పాఠ్యపుస్తకమంటూ లేదు, సెలవుల్లో కుదించి చదివేది అంతకన్నా కాదు, కనుక తేదీ ఏదైనా రోజుకు రెండు మూడు వ్యాసాల చొప్పున ఈరోజే మొదలుపెట్టండి. ఈ పరీక్షను నిర్వహించే సంస్థ ఏఏఎంసీ వారి పూర్తి నిడివి నమూనాలు చివరి మూడింటిలో మీ లక్ష్యానికి దగ్గరగా వస్తేనే తేదీని ఖాయం చేసుకోండి.

పాతకాపు:
తేదీ మార్చుకోవడానికి పరీక్షకు 60, 30, 10 రోజుల ముందు అని మూడు గడువులుంటాయి. దగ్గరపడేకొద్దీ రుసుము పెరుగుతుంది, చివరిది దాటితే మార్చే వీలే లేదు.

బయోకెమ్ బాధితురాలు:
అందరికీ కృతజ్ఞతలు. జనవరి ఆలోచన మానుకున్నాను. జూన్ మధ్యలో ఒక తేదీ తీసుకుని, మే నెలాఖరులోగా మూడు నమూనాలు రాస్తాను. అవి 508 దాటకపోతే పది రోజుల గడువులోపే తేదీ మార్చుకుని ఈ ఏడాదికి దరఖాస్తు మానేస్తాను. ఈ తల్లిగారి మాటలు మాత్రం ఇవాళే మా అమ్మకు చదివి వినిపిస్తాను.